కొండ మీద మేట్, కొండ కింద మేట్

మా ఊళ్లో 'మేట్' అనే మాటకు ఇద్దరు మనుషులున్నారు. దోణిమలై కొండ మీద ఇనుప గనిలో ఉండే మేట్ ఒకరు. కొండ దిగి సండూరు తాలూకా పల్లెల్లోకి పోతే, ఉపాధి హామీ పనిలో గుంతలు తవ్వించి మొక్కలు నాటించే మేట్ ఇంకొకరు. పేరు ఒకటే, చేసే పనీ దాదాపు ఒకటే. పదిమందిని పనిలో పెట్టడం, వాళ్ల హాజరు రాయడం, కొలత చూడటం, ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకోవడం. తేడా అంతా డబ్బు ఇచ్చే పద్ధతిలో ఉంది. పై మేట్‌కు జీతం. కింది మేట్‌కు 'తలకింత'. అంటే ఆ రోజు ఎంతమంది కూలీలు వచ్చారో లెక్కపెట్టి, ఒక్కొక్కరికి ఇన్ని రూపాయల చొప్పున ఆమె చేతిలో పెడతారు.

ఈ తలకింత పద్ధతి పోవాలి అని నా అభిప్రాయం. పొలంలో గానీ అడవి మొక్కల పనిలో గానీ, పని చేయించే మనిషికి ఆమె పనికే ఒక కూలి కట్టాలి. ఎందుకో చెబుతాను.

మొదట కొండ మీది సంగతి. గనిలో మేట్ అవ్వాలంటే ఎవరో పిలిచి "నువ్వు చూసుకో" అంటే సరిపోదు. మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్, 1961 అనే నిబంధనల్లో ఆ హోదా రాసి ఉంది. గనిలో కొన్నేళ్లు పని చేసి ఉండాలి, పరీక్ష పాసవ్వాలి, ప్రథమ చికిత్స వచ్చి ఉండాలి, గనుల భద్రతా శాఖ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంత ఎందుకంటే, పని చేయించే మనిషికి పని తెలియకపోతే కింద ఉన్నవాళ్ల ప్రాణం పోతుంది కాబట్టి. ఆ షిఫ్టులో పదిమంది వచ్చినా ఏడుగురే వచ్చినా అతని జీతం అదే. జీతం సంగతి వచ్చింది కాబట్టి ఒక అంకె కూడా చెబుతాను. ఎన్‌ఎండీసీ ఉద్యోగ ప్రకటనల్లో కింది మెట్టు పోస్టు ఫీల్డ్ అటెండెంట్. దాని స్కేలు 18,100 నుంచి 31,850. అది మూల వేతనం మాత్రమే, మిగతా భత్యాలు వేరే. మా టౌన్‌షిప్‌లో పిల్లలందరికీ ఈ అంకెలు నోటికి వస్తాయి.

ఇప్పుడు కొండ కింది సంగతి. ఇది నాకు మా చిక్కమ్మ వల్ల తెలుసు. మా ఇంట్లో అమ్మ వైపు కన్నడం, నాన్న వైపు తెలుగు. చిక్కమ్మ అంటే మా అమ్మ చెల్లెలు, తెలుగులో పిన్ని. 2018 నవంబరులో లీజు తగాదాతో దోణిమలై గని ఆగిపోయింది, మళ్లీ 2021 ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. ఆ రెండేళ్లలో గని మీద, లారీల మీద బతికే చిన్న కుటుంబాలు చాలా కూలి పనికి దిగాయి. మా చిక్కమ్మ ఉపాధి పనికి మొదటిసారి పోయింది అప్పుడే. టెన్త్ పాసైంది, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, నలుగురితో మాట్లాడుతుంది. అందుకని రెండో ఏటికే ఆమెను మేట్ చేశారు. కర్ణాటకలో ఈ మేట్‌కు ప్రభుత్వం పెట్టిన పేరు 'కాయక బంధు'. పాల్కురికి సోమన బసవ పురాణం మన సిలబస్‌లో ఉంది కాబట్టి కాయకం అంటే ఏమిటో మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. చేసే పనినే పూజగా చూసిన శరణుల మాట అది. పేరైతే చాలా పెద్దది పెట్టారు.

ఆమె పని ఇదీ. ముందు ఇల్లిల్లూ తిరిగి పని కావాలన్నవాళ్ల అర్జీలు రాయించాలి. తెల్లారి అందరికంటే ముందు పోయి గుంతలకు ముగ్గుతో గుర్తులు పెట్టాలి. వచ్చినవాళ్లను నిలబెట్టి యాప్‌లో ఫొటో తీయాలి, మధ్యాహ్నం మళ్లీ ఇంకో ఫొటో. ఈ ఎన్‌ఎంఎంఎస్ యాప్ హాజరును 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, మిగతా అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. కొండ పక్కన సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఫోన్ ఆమెది, రీఛార్జ్ ఆమెది. తాగే నీళ్లు, నీడ, దెబ్బ తగిలితే మందు, చంటిపిల్లలను చూసే మనిషి, ఇవన్నీ పని దగ్గర ఉండాలని చట్టం చెబుతుంది. ఎవరు ఏర్పాటు చేస్తారు అంటే, నీళ్ల బిందె కూడా చివరికి చిక్కమ్మ నెత్తి మీదికే వస్తుంది.

దీనికి ఆమెకు వచ్చేది 'ప్రోత్సాహ ధనం'. జీతమూ కాదు, కూలీ కాదు. లెక్క కోసం తలకు ఐదు రూపాయలు అనుకుందాం. ఇరవైమంది వస్తే వంద. ఊళ్లో జాతరో పెళ్లో ఉండి ఎనిమిదిమందే వస్తే నలభై. కానీ ఆ రోజు గుర్తులు పెట్టడం తగ్గిందా? ఫొటోలు రెండుకు బదులు ఒకటైందా? పని అంతే, డబ్బు సగం కంటే తక్కువ.

మరి మామూలు కూలి రాదా అని అడగొచ్చు. వస్తుంది, ఆమె కూడా గుంపుతో కలిసి తవ్వితే. కర్ణాటకలో ఉపాధి కూలిని 2025 ఏప్రిల్‌లో రోజుకు 370 రూపాయలు చేశారు. ఆంధ్రా, తెలంగాణల్లో 307. అయితే ఈ కూలి కొలతను బట్టి ఉంటుంది. గుంపంతా కలిసి తవ్విన మట్టిని కొలిచి డబ్బు లెక్క కడతారు. చిక్కమ్మ ఫొటోలూ లెక్కలూ చూసుకుంటే గడ్డపార పట్టే టైం ఉండదు. అప్పుడు పక్కవాళ్లు "నీ పాలు మట్టి మేమెందుకు తవ్వాలా" అంటారు. వాళ్ల మాటలో తప్పు లేదు. అట్లని గడ్డపార పట్టుకుంటే హాజరు లేటవుతుంది, అందరి కూలీ ఆగిపోతుంది. ఒకే మనిషి ఒకే టైంలో రెండు చోట్ల ఉండాలి.

ఇక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఒక చిన్న విషయం. 2005 ఉపాధి హామీ చట్టం 22వ సెక్షన్‌లో ఎవరి ఖర్చు ఎవరు భరించాలో రాసి ఉంది. నైపుణ్యం అక్కర్లేని కూలి మొత్తం కేంద్రం ఇవ్వాలని ఆ చట్టం పెట్టింది. సామగ్రి ఖర్చులో మూడు వంతులు కేంద్రానిది, ఒక వంతు రాష్ట్రానిది అని రాశారు. నైపుణ్యం ఉన్న, సగం నైపుణ్యం ఉన్న కార్మికుల కూలి ఎక్కడ పెట్టారో తెలుసా? సామగ్రి ఖర్చులో. మేట్ వచ్చేది ఈ వరుసలోనే. అంటే ఇసుక, సిమెంటు, కంకర, మా చిక్కమ్మ, అందరూ ఒకే పద్దు. మొత్తం ఖర్చులో కూలి 60, సామగ్రి 40 దాటకూడదన్న నిష్పత్తి ఒకటి ఆ చట్టం కింద పెట్టారు. ఆ 40లో చెక్‌డ్యాం సిమెంటుతో పోటీ పడి ఆమె తన డబ్బు తెచ్చుకోవాలి.

దీని ఫలితం ఇంట్లో చూశాను. గుంపులో ఆడవాళ్లకు కూలి ఖాతాలో పడింది, చిక్కమ్మకు పడలేదు. పంచాయతీలో అడిగితే "మెటీరియల్ ఫండ్ రాలేదమ్మా" అన్నారంట. నెలలు గడిచాయి. కూలీలకు మస్టర్ ముగిసిన పదిహేను రోజుల్లో డబ్బు రాకపోతే, లేటైన ప్రతి రోజుకూ 0.05 శాతం పరిహారం ఇవ్వాలని చట్టంలో ఉంది. అది వస్తుందా రాదా వేరే మాట, కనీసం రాసి ఉంది. చిక్కమ్మ డబ్బుకు ఫలానా తేదీ అని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అంతమందికి కూలి పడేలా చూసిన మనిషి, తన డబ్బు కోసం మా నాన్న దగ్గర బస్ ఛార్జీ అడిగి తాలూకా ఆఫీసుకు పోవాల్సి వచ్చింది.

ఇది ఒక్క మనిషి కష్టం అయితే గోడపత్రికలో రాసేదాన్ని కాదు. తలకింత పద్ధతి పనినే పాడు చేస్తుంది. డబ్బు తలలను బట్టి వస్తే, తలలను పెంచాలనే ఆశ పుడుతుంది. రాని మనిషిని వచ్చినట్టు రాయడం అక్కడే మొదలవుతుంది. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఒక సర్క్యులర్ పంపింది. యాప్‌లో సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారని అందులో ఉంది. పేపర్లో అది చదివి అందరూ మేట్లను తిట్టారు. దొంగ హాజరు తప్పే, అందులో సందేహం లేదు. ఆ దొంగ డబ్బులో పెద్ద వాటా ఎవరికి పోతుందో కూడా ఊళ్లో అందరికీ తెలుసు. కానీ హాజరు రాసే మనిషి సంపాదన ఆ హాజరు మీదే ఆధారపడేలా పద్ధతి పెట్టి, తర్వాత ఫొటోలు తనిఖీ చేస్తే ఏం లాభం? నిజాయితీగా ఎనిమిది రాసిన మేట్‌కు నలభై, అబద్ధంగా ఇరవై రాసిన మేట్‌కు వంద. నిజం చెప్పినవాళ్లకు నష్టం వచ్చేలా ఉన్న లెక్క ఇది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మన తెలుగువాళ్లకు వందేళ్లకు పైగా తెలిసినదే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. రంగూన్ బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో, వరి కోతల్లో వాళ్లను పనిలో పెట్టింది మేస్త్రీలు. యజమాని కూలి డబ్బు మొత్తం మేస్త్రి చేతికి ఇచ్చేవాడు. మేస్త్రి తనకు రావాల్సింది, కొన్నిసార్లు రాకూడనిది కూడా, పట్టుకుని మిగిలింది పంచేవాడు. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ నివేదికలో ఈ బర్మా మేస్త్రీల సంగతి ఉంది. మలయా రబ్బరు తోటల్లో మేస్త్రి స్థానంలో కంగాణి ఉండేవాడు. ఆ రోజు పనికి ఎక్కిన ఒక్కో కూలీకి ఇన్ని సెంట్లని కంగాణికి ముట్టేది. దాన్ని 'తల డబ్బు' అనేవారు. అందుకే జ్వరం వచ్చినా కూలీని లేపి తోటకు తోలేవారు. ఈ ఏర్పాటు మీద ఎన్నో విమర్శలు వచ్చాక, 1938లో భారత ప్రభుత్వం మలయాకు అలా కూలీలను పంపడం ఆపేసింది. తోట దొరల కాలంలో చెడ్డదని తేలిన లెక్కను స్వతంత్ర దేశంలో మన చట్టం కింద జరిగే పనికి మళ్లీ ఎందుకు వాడుకుంటున్నామో నాకు అర్థం కాదు.

ప్రభుత్వ పని ఒక్కటే కాదు. మన చుట్టూ మిరప కోతలు చూడండి. తుంగభద్ర కాలువల కింద సిరుగుప్ప వైపు ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల 'క్యాంపులు' ఉన్నాయి కదా. మిరప పండే కాలంలో అక్కడికి ఆటోల నిండా ఆడవాళ్లు పోతారు. ఆలూరు, ఆదోని, కోసిగి వైపు వాళ్లయితే పిల్లాజెల్లాతో గుంటూరుకే పోతారు. దాన్ని అక్కడ 'సుగ్గికి పోవడం' అంటారు. సుగ్గి అంటే మా అమ్మ భాషలో పంటల పండగ. సరిహద్దు దాటితే అదే మాట వలస అయిపోయింది. ఈ గుంపులన్నిటికీ ఒక మేస్త్రి ఉంటారు, చాలాచోట్ల ఆడమనిషే. రైతుతో రేటు మాట్లాడేది ఆమె, అడ్వాన్స్ తెచ్చి పంచేది ఆమె, ఆటో కుదిర్చేది ఆమె. ఆమెకూ తలకింత కమీషనే. ధర పడిపోయిందని రైతు డబ్బు లేటు చేస్తే, గుంపు ఆడవాళ్లు రైతు ఇంటికి పోరు. మేస్త్రి గడప ముందే కూర్చుంటారు. ఈ మేస్త్రిని రైతు తన మనిషి అనుకోడు, కూలీలూ తమ మనిషి అనుకోరు. జీతం లేని సూపర్‌వైజర్ బతుకు అట్లా ఉంటుంది.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు. మా నాన్నే మొదటివారు. ఆయన అన్నది: "తలకింత అంటేనే కదా ఇల్లిల్లూ తిరిగి మనుషులను పిలుస్తుంది? ఊరికే రోజు కూలి ఇస్తే నీడన కూర్చుంటుంది." ఇది కొట్టిపారేసే మాట కాదు. కానీ గనిలో మేట్‌కు టన్నుకింత అని ఇవ్వరు కదా. ఇస్తే ఏమవుతుంది? భద్రత చూడకుండా టన్నులు చూస్తాడు. అందుకే అక్కడ జీతం ఇచ్చి, తప్పు చేస్తే సర్టిఫికెట్ రద్దు చేసే భయం పెట్టారు. ఇక్కడా అట్లే చేయొచ్చు. గుర్తులు సరిగ్గా పెట్టిందా, హాజరు నిజంగా రాసిందా, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి, ఇవి చూడండి. ఆమె పనిని కొలవడానికి ఎన్నో దారులున్నాయి, పక్కవాళ్ల తలలు లెక్కపెట్టక్కర్లేదు.

ఇంకో మాట కూడా విన్నాను. మేట్లు కూలీల దగ్గర పదో పరకో వసూలు చేస్తారు, వాళ్లకు ఇంకా పెంచడమా అని. వసూలు చేసేవాళ్లు ఉన్నారు, లేరని నేను అనను. కూలీ చెమటలోంచి పది రూపాయలు తీసుకోవడాన్ని ఎవరూ సమర్థించలేరు. అయితే బర్మా మేస్త్రి చేసింది కూడా అదే. పని చేయించే మనిషికి పైనుంచి సరైన డబ్బు రానప్పుడు, అది కిందివాళ్ల నుంచి లాగబడుతుంది. కూలి సక్రమంగా కట్టిన తర్వాత కూడా వసూలు చేస్తే, అప్పుడు తీసేయండి. ఆ తీసేసే హక్కు నిజంగా ఉండాలన్నా ముందు ఆమెకు ఒక ఉద్యోగం, ఒక జీతం అనేవి ఉండాలి కదా.

మూడోది డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్న. నలభైమందికి ఒక మేట్ అనుకుంటే, ఆమెకు పూర్తి రోజు కూలి ఇచ్చినా ఆ పని మొత్తం కూలి ఖర్చులో నలభయ్యో వంతు, అంతే. మొక్కలు సగం చచ్చిపోయి మళ్లీ నాటించే ఖర్చుతో పోలిస్తే అదేం పెద్దది కాదు.

కాబట్టి నేను కోరేవి నాలుగు. మేట్‌గా పని చేసిన రోజుకు, కూలీలు ఎంతమంది వచ్చినా, కనీసం సగం నైపుణ్యం ఉన్న కార్మికులకు ఇచ్చే రోజు కూలి ఇవ్వాలి, ఆమెతో గడ్డపార పట్టించకూడదు. ఆ డబ్బును సిమెంటు పద్దులోంచి తీసి కూలి పద్దులో పెట్టాలి, గుంపుకు పడిన రోజే ఆమెకూ పడాలి. హాజరు యాప్ మీద కావాలంటే ఫోన్ ఖర్చు అడిగినవాళ్లే భరించాలి. మిరప కోతల్లాంటి ప్రైవేటు పనుల్లో కూలి నేరుగా కూలీల చేతికే పోవాలి, మేస్త్రి డబ్బు రైతు విడిగా ఇవ్వాలి. అప్పుడు ఎవరు ఎవరి డబ్బు తిన్నారన్న గొడవ రాదు.

మన కాలేజీలో ఇది ఎందుకు రాశానంటే, ఈ పని రేపు మనలో కొందరిని వెతుక్కుంటూ వస్తుంది. మేట్లుగా ఆడవాళ్లనే పెట్టాలని ప్రభుత్వాలు అంటున్నాయి. కేరళలో కుటుంబశ్రీ ఆడవాళ్లే ఈ పని నడిపిస్తున్నారు. మంచిదే. కానీ ఒక పని ఆడవాళ్లకు ఇచ్చేటప్పుడు దాని జీతం పేరు 'ప్రోత్సాహం', 'గౌరవ ధనం' అని మారిపోవడం మనం ఆశా కార్యకర్తల్లో, అంగన్‌వాడీల్లో చూస్తూనే ఉన్నాం. డిగ్రీ చదివి ఊరికి తిరిగి వెళ్లిన అమ్మాయిని పంచాయతీవాళ్లు పిలిచి "నువ్వు చదువుకున్నావు కదమ్మా, మేట్‌గా ఉండు" అంటారు. ఉండండి. అది పనికిమాలిన పని కాదు, ఊరికి చాలా కావలసిన పని. కానీ ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. రోజుకు ఎంత? ఏ పద్దులోంచి? ఏ తేదీకి? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఈ వ్యాసాన్ని చిక్కమ్మకు కన్నడంలో చదివి వినిపించాను. తన పేరు రాయొద్దు అంది, రాయలేదు. "గుంపు ఆడవాళ్లు చెడ్డవాళ్లు అన్నట్టు రాయకు, వాళ్లే నాకు అన్నం పెట్టినారు" అని కూడా అంది. నిజమే, డబ్బు రాని ఆ నెలల్లో ఆమెకు జొన్నలు అప్పిచ్చింది ఆ గుంపువాళ్లే.

మీ ఇళ్లలో, మీ ఊళ్లలో మేట్లు, మేస్త్రీలు, వాచర్లు ఎవరైనా ఉంటే వాళ్లకు డబ్బు ఎట్లా ఇస్తారో అడిగి వచ్చే సంచికకు రాయండి. నాతో ఒప్పుకోని వాళ్లూ రాయండి. మేడంగారు రెండో చార్ట్ కూడా ఇస్తామన్నారు.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని, దోణిమలై